ఎనిమిది ఓముల ఋణము

మన సంఘము కార్యవర్గమువారు ఈ సంచికకు నన్నును ఒక వ్యాసము వ్రాయుమని కోరినప్పుడు కొంత సంకోచించితిని. ఈ సంపుటములలో పెద్దలు శాసనములను గూర్చియు, హరికథలను గూర్చియు, వలస వచ్చిన కుటుంబముల చరిత్రను గూర్చియు వ్రాయుట పరిపాటి. నేను పండితుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, 38 సంవత్సరములు ఒక ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగా లెక్కలు వ్రాసి 2017లో విరమించినవాడను. నాకు క్షుణ్ణముగా తెలిసిన విద్య ఒక్కటే కలదు. అది గిటారు శబ్దమును పెంచు ఆంప్లిఫయరునకును, దానికి వెలుపల తగిలించు స్పీకరు పెట్టెకును జోడు కుదుర్చుట. ఈ విద్య సాంస్కృతిక సంచికలో ఎందులకని చదువరులు నవ్వవచ్చును. కాని మన సంఘము వేదికపై జరిగిన యొక తప్పు వలన నాకిది అబ్బినది. ఆ తప్పు నాది. దానిని 45 సంవత్సరములు దాచితిని. కావున విద్యను, తప్పును కలిపియే వ్రాయుచున్నాను.

మాది కోలారు బంగారు గనుల ఊరు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో కన్నడము, గని కార్యాలయమున ఇంగ్లీషు. ఈ నాలుగింటి నడుమ పెరిగితిమి. కావేరి నీటి బలముచే శివనసముద్రమున పుట్టించిన విద్యుత్తు 1902లోనే మా గనులకు చేరినది. ఆ దినములలో దేశములోని పెక్కు పట్టణములు కిరోసిను దీపముల వెలుగున నుండగా మా ఊర యంత్రములు కరెంటుతో నడచుచుండెను. అందుచేత మా తండ్రుల తరములో తీగ పట్టని ఇల్లు లేదనుట అతిశయోక్తి గాదు. మా నాయనయు గనిలో విద్యుత్ విభాగమున పనిచేసెను.

మా ఇంటి ప్రక్కన ఆ విభాగమునకే చెందిన ఒక ఫిట్టరు ఉండెడివారు. వారు తెలుగు క్రైస్తవులు. రక్తసంబంధము లేకున్నను నాకు మామ. వారి పేరు ఇచట వ్రాయను. మామ యనియే వ్రాసెదను. మామ హవాయి గిటారు వాయించెడివారు. ఒడిలో పరుండబెట్టుకొని, తీగెలపై ఉక్కు కడ్డీని జార్చుచు వాయించు ఆ వాద్యము 1960ల నాటి రేడియో శ్రోతలకు పరిచితమే. తీగెల క్రింద అయస్కాంతపు పికప్పు అమర్చిన గిటారు అది. దానికి కావలసిన ఆంప్లిఫయరును మామ తామే కట్టుకొనిరి. బెంగళూరులో 1954లో స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఆ కాలమున వాల్వులను తయారుచేయుచుండెను. ఎస్.పి. రోడ్డు అంగళ్లలో తక్కిన సామాను దొరకెడిది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును మాత్రము ఒక పనివాని యొద్ద చేతితో చుట్టించుకొనిరి. ఆంప్లిఫయరు వేరు, స్పీకరు పెట్టెలు వేరు. పెట్టెలు రెండు; ఒక్కొక్క దానిలో పండ్రెండంగుళముల స్పీకరు ఒకటి. ఆంప్లిఫయరు వెనుకభాగమున తెల్లని రంగుతో తెలుగున ఇట్లు వ్రాసియుండెను: "ఒకటి – 16, రెండు – 8". ఆ అంకెల ప్రక్కనే ఒక మీట. వాని యర్థమేమో నేను విచారింపలేదు. ఏవో వస్తువుల లెక్క యనుకొంటిని.

1979, సిద్ధార్థి నామ సంవత్సరము. నేను ఉద్యోగమున చేరి మూడు మాసములైనది. శ్రీరామనవమి పందిటిలో మన సంఘమువారు పాటకచ్చేరి ఏర్పాటు చేసిరి. వచ్చిన వాద్యబృందమువారికి గిటారు ఉండెను గాని ఆంప్లిఫయరు చెడిపోయినది. నేను మామను అడిగితిని. మామ ఒక్క మాటయు ననక తామే మోసికొని వచ్చి, తీగెలు తగిలించి, "నడిచేటప్పుడు వెనక చెయ్యి పెట్టొద్దు నాయనా" అని చెప్పి, రాత్రి పని యుండుటచే గనికి వెడలిపోయిరి.

కచ్చేరి సగమైన పిదప ఎడమవైపు కూర్చున్నవారు తమకు గిటారు వినబడుటలేదని కేకలు వేసిరి. కొత్తగా ఉద్యోగము వచ్చిన పడుచువానికి పదిమందిలో పెద్దరికము చూపవలెనని యుండుట సహజము. నేను వెనుకకు పోయి ఒక పెట్టె తీగ పెరికితిని. రెండవ పెట్టె మ్రోగుచునే యుండెను. ధైర్యము వచ్చినది. దానిని ఇటువైపు జరుపుటకై దాని తీగయు పెరికితిని. ఆంప్లిఫయరు మాత్రము నడచుచునే యున్నది. గిటారు వాయించు కుఱ్ఱవానికి శబ్దము వినబడక, తన గిటారు మీటయే తగ్గినదనుకొని పూర్తిగా త్రిప్పి, అన్ని తీగెలను ఒక్కసారిగా మీటెను. పెట్టెలో చిటచిటమను ధ్వని, ఒక నీలపు మెఱుపు, పిదప కాలిన వార్నిషు కంపు. ఫ్యూజు పోయినది. నేను ఎవరును చూడకముందే రెండు తీగెలను మరల తగిలించితిని.

మరునాడు ఉదయము మామ వచ్చిరి. "కరెంటు ఎక్కువై పోయింది మామా, ఉన్నట్టుండి ఆగిపోయింది" అంటిని. మామ ఆంప్లిఫయరును చూచిరి, చోటు మారిన పెట్టెలను చూచిరి, నన్ను చూచిరి. "సరే నాయనా, పోనీలే" అని ఎత్తుకొని పోయిరి.

ఆ వారమే ట్రాన్స్‌ఫార్మరును విప్పి, బెంగళూరులో చుట్టించి తెమ్మని నన్నే పంపిరి. పనివాడు చుట్టలను విప్పి, పొరల నడుమ కాగితము ఒకచోట బొగ్గైయుండుట చూపి, "లోడు లేకుండా నడిపించినారు. కరెంటు ఎక్కువైతే ఇట్లా కాలదు" అని కన్నడమున చెప్పెను. ఖర్చు 180 రూపాయలు. నా నెలజీతము అప్పుడు 400 దాటలేదు. మామ ఆ సొమ్ము ముందే నా చేతికిచ్చి పంపియుండిరి. నేను మాఱుమాటాడక చెల్లించి, వస్తువును తెచ్చి యిచ్చితిని. పనివాడన్న మాటను చెప్పలేదు.

దానిని అమర్చిన నాటి సాయంకాలము మామ నన్ను పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనిరి. ఏమియు అడుగలేదు. టంకము పెట్టుచునే ఇట్లనిరి: "కపిల తోలేది చూసినావు గదా నాయనా? బాన నిండా నీళ్లుంటేనే ఎద్దులు నిదానంగా దిగుతాయి. నడిమధ్యలో మోకు తెగితే ఏమవుతుంది?"

"ఎద్దులు ముందుకు పడిపోతాయి మామా."

"వాల్వులు కూడా ఎద్దులే. పెట్టె పెరికేస్తే మోకు తెగినట్టే."

ఈ మాట నా ముఖము చూడకయే చెప్పిరి. రెండు గంటలు పాఠము సాగినది. వారికి సమస్తమును తెలిసినదని అప్పుడే నాకు తోచినది. నోరు విప్పుటకు అదే సమయము. విప్పలేదు. ఆ పాఠమును, పిదప నేను చదివి, చేసి తెలిసికొన్న సంగతులను కలిపి ఇచట వ్రాయుచున్నాను. సంగీతము నేర్చు పిల్లలున్న ఇండ్లవారికి పనికివచ్చును.

స్పీకరు వెనుక 4, 8, 16 అను అంకెలు, వానితో ఓములు అను మాట ఉండును. ఓము అనునది విద్యుత్ ప్రవాహమునకు కలుగు అడ్డంకికి కొలత. జర్మనీ దేశపు ఓమ్ అను పండితుడు 1827లో ఈ విషయమున సూత్రమును ప్రకటించెను. బ్యాటరీ నుండి వచ్చునట్టి ఏకముఖ ప్రవాహమునకు కలుగు అడ్డంకి నిరోధము. శబ్దము వంటి అటునిటు ఊగు ప్రవాహమునకు కలుగు మొత్తము అడ్డంకిని అవరోధము అందురు. ఇంగ్లీషున దీనికి ఇంపెడెన్సు అను పేరు పెట్టినవాడు ఆలివర్ హెవిసైడు, అది 1886లో. ఈ రెండును ఒకటి గావు. ఎనిమిది ఓముల స్పీకరును మల్టీమీటరుతో కొలిచినచో ఆఱు, ఆఱున్నర ఓములే చూపును. మీటరు కొలుచునది నిరోధమును గాని అవరోధమును గాదు. పదునారు ఓముల స్పీకరు సుమారు పదుమూడు, నాలుగు ఓములది మూడు పైచిలుకు చూపును. అవరోధమైనను స్థిరము గాదు. స్వరము మారుకొలది అది మారును. మంద్రస్థాయిలో ఒకచోట యాబది ఓములను గూడ దాటవచ్చును. ఎనిమిది యను అంకె వ్యవహారార్థమై పెట్టిన పేరు మాత్రమే.

రెండు పెట్టెలను కలుపు విధములు రెండు. రెండింటిని ఒకే జతకు ప్రక్కప్రక్కన తగిలించుట సమాంతరము. ఒకదాని వెనుక నొకటి గొలుసుగా తగిలించుట శ్రేణి. శ్రేణిలో ఓములు కూడును; ఎనిమిదియు ఎనిమిదియు పదునారు. సమాంతరములో తగ్గును, సమానములైన రెండు సగమగును. పదునారు, పదునారు కలసి ఎనిమిది. మామ వ్రాసిన "ఒకటి – 16, రెండు – 8" అను మాటకు అర్థమిదియే. ఒక పెట్టె మాత్రము పెట్టినచో మీటను 16కు, రెండును పెట్టినచో 8కి త్రిప్పవలెను. అసమానములైనచో రెండింటిని గుణించి, కూడికచే భాగింపవలెను. ఎనిమిది, పదునారు సమాంతరముగా కలసినచో 128ని 24చే భాగింపగా 5.33 ఓములు. ఆంప్లిఫయర్ల వెనుక అదనపు స్పీకరుకై ఉంచు రంధ్రము సాధారణముగా సమాంతరమే. పెట్టె చేర్చిన కొలది భారము పెరుగునని, ఓముల అంకె తగ్గునని గుర్తుంచుకొనవలెను. తక్కువ ఓములనగా బరువైన బాన.

ఇక జోడు ఎందుకు కుదురవలెను? వాల్వు అధిక వోల్టేజిపై స్వల్ప ప్రవాహముతో పనిచేయును. స్పీకరునకు స్వల్ప వోల్టేజి, అధిక ప్రవాహము కావలెను. ఈ రెండింటి నడుమ మధ్యవర్తి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. ఉదాహరణకు వాల్వుల జతకు 6,400 ఓముల భారము తగినదనుకొందము. స్పీకరు 16 ఓములు. నిష్పత్తి 400. చుట్ల నిష్పత్తి దాని వర్గమూలము, అనగా 20. ప్రైమరీలో ఇరువది చుట్లకు సెకండరీలో ఒక చుట్టు. ఎనిమిది ఓములకైనచో సుమారు 28కి ఒకటి. నాలుగు ఓములకైనచో 40కి ఒకటి. వెనుకనున్న మీట ఈ చుట్లను మార్చును. ఎనిమిది గుర్తున్నచోట నాలుగు ఓముల పెట్టె పెట్టినచో వాల్వులకు 6,400కు బదులు 3,200 మాత్రమే కనబడును. అప్పుడవి అధిక ప్రవాహమును లాగి వేడెక్కి త్వరగా అరిగిపోవును. ఒక్కొక్కప్పుడు లోని రేకు ఎఱ్ఱబడును. ఎనిమిది గుర్తుకు పదునారు పెట్టినచో 12,800 కనబడును. శబ్దబలము తగ్గును, వోల్టేజి ఊపు పెరుగును. ఇటు సగము, అటు రెట్టింపు వరకు మంచి ఆంప్లిఫయరు కొంతకాలము ఓర్చుకొనునని పనివారి యనుభవము. అంతకు మించి సాహసింపరాదు. సరిగా కుదుర్చుటయే ధర్మము.

బొత్తిగా పెట్టెయే లేకున్న సంగతి వేరు. భారము లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మరులోని అయస్కాంత శక్తికి పోవు దారి లేక ప్రైమరీ చుట్టలో వోల్టేజి మితిమీరి లేచును. అది పొరల కాగితమును చీల్చుకొని గాని, వాల్వు గూటిలో గాని మెఱుపుగా దూకును. ఆనాటి నీలపు మెఱుపు అదియే. అందుచేతనే కాలిఫోర్నియాలో లియో ఫెండర్ స్థాపించిన కర్మాగారపు ఆంప్లిఫయర్లలో ఒక యుక్తి పన్నిరి. ప్రధాన స్పీకరు తీగ ఊడినచో ఆ రంధ్రమే తనంతట తాను రెండు కొసలను కలిపివేయును. తీగెలు కలిసిపోవుట అపాయమని మనము చిన్ననాటి నుండి వినియున్నాము. కాని వాల్వు ఆంప్లిఫయరునకు కొంతసేపు కొసలు కలియుట కంటె కొసలు తెగుటయే ఎక్కువ హాని. ఈ యుక్తి తెలియనివారు పెట్టెను అదనపు రంధ్రమున మాత్రము పెట్టి, ప్రధాన రంధ్రమును ఖాళీగా విడిచి, శబ్దము రాలేదని చింతింతురు.

ట్రాన్సిస్టరు ఆంప్లిఫయర్ల ధర్మము దీనికి విరుద్ధము. వానిలో పెక్కింటికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. పెట్టె లేకున్నను సాధారణముగా చెడవు. కొసలు కలిసినచో చెడును. వానిపై "కనిష్ఠము 4 ఓములు" అని యున్నచో నాలుగుకు తగ్గరాదు. ఎనిమిది పెట్టినను బాధ లేదు, శబ్దబలము కొంత తగ్గును. కావున ముందు తెలిసికొనవలసినది ఇది వాల్వుదా, ట్రాన్సిస్టరుదా అని.

పాశ్చాత్య దేశములలో ఈ విషయము మొదటి నుండియు పరిచితమే. లండను నగరమున హాన్‌వెల్ అనుచోట డ్రమ్ముల అంగడి నడుపుచుండిన జిమ్ మార్షల్ 1962లో తన సహాయకులతో, ఫెండర్ వారి బాస్‌మన్ ఆంప్లిఫయరును మాదిరిగా గొని మొదటి ఆంప్లిఫయరును కట్టించెను. దానిని పెట్టె నుండి వేరుచేసి, పండ్రెండంగుళముల స్పీకర్లు నాలుగింటిని ఒక వేరు పెట్టెలో అమర్చెను. పదునారు ఓముల స్పీకర్లు నాలుగింటిని రెండేసి శ్రేణిగా కలిపి, ఆ రెండు జతలను సమాంతరముగా కలిపినచో మొత్తము మరల పదునారే వచ్చును. ఇట్టి పెట్టెలు రెండింటిని తగిలించినచో ఎనిమిది. ఫెండర్ వారు 1963లో తెచ్చిన డీలక్స్ రివర్బు అను ఆంప్లిఫయరు 22 వాట్లది. దానిలో ఎనిమిది ఓముల స్పీకరు ఒకటి. ట్విన్ రివర్బులో ఎనిమిది ఓములవి రెండు సమాంతరముగా నుండి నాలుగు ఓములగును. దానికి మఱియొక నాలుగు ఓముల పెట్టెను చేర్చినచో రెండు ఓములు. ఈ లెక్కలు మామ చెప్పినవే. పేర్లు మాత్రము పిదప నేను చదివితిని.

మరుసటి సంవత్సరము శ్రీరామనవమికి నేను అడుగకయే మామ పిలిచి ఆంప్లిఫయరును నా చేతికే ఇచ్చిరి. "నువ్వే చూసుకో నాయనా" అనిరి. తరువాత పదునాలుగు సంవత్సరములు ప్రతి నవమికిని అట్లే యిచ్చిరి. ఒక్కనాడును దానికి కీడు రాలేదు. 1994లో మామ పోయిరి. 2001లో గనులు మూతపడిన పిదప వారి కుటుంబము వేలూరు చేరినది. ఆంప్లిఫయరు ఏమైనదో తెలియదు. కార్యాలయమున నేను ఇతరుల లెక్కలలో ఒక్క రూపాయి తేడా వచ్చినను కలము క్రింద పెట్టనివాడనని పేరు. ఆ పేరు వినునప్పుడెల్ల 180 రూపాయలు జ్ఞాపకము వచ్చెడివి. మామ క్షమించిరని నాకు నేను చెప్పుకొంటిని. కాని అడుగని వానికి ఇచ్చిన క్షమ చేతికందదు. అది ఇచ్చినవారి యొద్దనే యుండును.

2024 ఏప్రిల్ 9, క్రోధి నామ సంవత్సర ఉగాది. నా కుమార్తె కుమారుడు బెంగళూరున ఇంజనీరింగు చదువుచున్నాడు, గిటారు వాయించును. సంఘము వేదికపై మిత్రులతో పాడుటకై వచ్చెను. ఒక పాత వాల్వు ఆంప్లిఫయరును కొని తెచ్చుకొనెను. 22 వాట్లు, లోపల ఎనిమిది ఓముల స్పీకరు ఒకటి, వెనుక అదనపు రంధ్రము. మిత్రుని యొద్దనుండి రెండు స్పీకర్ల పెట్టె ఒకటి తెచ్చెను. దాని వెనుక చీటీ చిరిగిపోయియున్నది.

"రెండూ పెడితే సౌండు రెండింతలవుతుంది తాతా" అనెను.

శక్తి రెండింతలైనంత మాత్రమున చెవికి రెండింతలుగా వినబడదని, అట్లు తోచుటకు సుమారు పదింతలు కావలెనని చెప్పి, మీటరు తెమ్మంటిని. పెట్టె మూడుంబావు ఓములు చూపెను. అనగా నాలుగు ఓములది. లోనిది ఎనిమిది, వెలుపలిది నాలుగు, సమాంతరముగా 2.67. ఎనిమిది ఓములకు చుట్టిన ట్రాన్స్‌ఫార్మరుపై మూడింట ఒక వంతు. వాల్వులకు 6,400కు బదులు సుమారు 2,130. ఎద్దులు నురుగులు కక్కును.

పెట్టె వెనుక పలకను విప్పించితిని. ఎనిమిది ఓముల స్పీకర్లు రెండు సమాంతరముగా నున్నవి. ఒకదాని ధనపు కొసను రెండవదాని ఋణపు కొసకు కలిపి శ్రేణిగా మార్పించితిని. ఇప్పుడు మీటరు పదుమూడు చూపెను. అనగా పదునారు ఓములు. లోని ఎనిమిదితో కలిసి 5.33. ఎనిమిది గుర్తునకు ఇది సరిగా కుదిరిన జోడు గాదు గాని సహింపదగినది. శక్తి పంపకమును గూడ పిల్లలకు చెప్పితిని. సమాంతరములో తక్కువ ఓములది ఎక్కువ తినును. ఇరువదిరెండు వాట్లలో లోని స్పీకరునకు ఇంచుమించు పదునైదు, వెలుపలి రెండింటికి కలిపి ఏడు. పిదప ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని క్షణకాలము తాకించి రెండు కాగితపు గిన్నెలును ఒకేసారి ముందుకు వచ్చుచున్నవో లేదో చూచితిమి. ఒకటి ముందుకు, ఒకటి వెనుకకు పోయినచో మంద్రధ్వని ఒకదానినొకటి చంపుకొనును. గిటారునకు వాడు సన్నని తీగను స్పీకరునకు పెట్టియుండగా దానిని తీయించి, రెండు పోగుల లావు తీగను పెట్టించితిని.

పని ముగిసినది. పిల్లవాడు పెట్టెను వేదిక అంచునకు జరుపబోయి, ఆంప్లిఫయరు నడచుచుండగనే తీగెపై చేయి వేసెను. నేను "ఒరే, ఆగు!" అని అరచితిని. నా గొంతు నాకే కొత్తగా వినబడెను. వాడు బిత్తరపోయెను. చుట్టునున్న నలుగురు పిల్లలు పని మాని చూచిరి. అప్పుడు ఆ వేదిక మెట్టుపై కూర్చుండి 1979 నాటి సంగతి ఆసాంతము చెప్పితిని. అప్పటివరకు నా భార్యకు గూడ చెప్పియుండలేదు. వారు నవ్వుదురనుకొంటిని. నవ్వలేదు. వారిలో చిన్నవాడు, "మరి ఆ మామకు మీరు చెప్పలేదా తాతా?" అనెను.

ఆ ప్రశ్నకు జవాబుగా ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఆ సాయంకాలము పాట బాగుగా జరిగినది. ఎడమవైపు వారికిని వినబడినది. పాట ముగిసిన పిదప ఆంప్లిఫయరును ఆపి, వాల్వులు చల్లారిన తరువాతనే తీగెలు తీయించితిని. ఆ పెట్టె వెనుక తెల్లరంగుతో "ఈ పెట్టె – 16" అని తెలుగున వ్రాసితిని. నా వ్రాత కొంత వణకినది.

మన సంఘములో పెక్కు కుటుంబములు నాలుగు భాషల నడుమ, తరములుగా, ఎవరికిని భారము గాక, ఎవరి నుండియు తెగిపోక బ్రదుకుచున్నవి. దీనిని గూర్చి పెద్దమాటలు చెప్పుటకు నేను తగను. కాని ఒక సంగతి చూచితిని. రామునవమి పందిటికి తన కష్టార్జితమైన వస్తువును ఏటేట మోసికొని వచ్చిన మామ మన సంఘము సభ్యుల పట్టికలో ఎన్నడును లేరు. పాత సంచికలలో దాతల పేర్లు కలవు. నూటపదహార్లు ఇచ్చినవారి పేర్లును కలవు. వారి పేరు లేదు. ఆ లోపమునకు కొంత కారణము నేను. ఆనాటి ఖర్చు సంఘము లెక్కలో వ్రాయుమని అడిగియున్నచో కార్యదర్శి కారణమడుగును, కారణము చెప్పవలసివచ్చును.

మామ కుమార్తె వేలూరున నున్నది. ఆమె నాకంటె నాలుగేండ్లు చిన్నది. తమిళ బడిలో చదివినను తెలుగు చక్కగా చదువును. మామ ఇంట బైబిలును తెలుగుననే చదివించెడివారు. ఈ సంచిక ప్రతిని ఒకదానిని ఆమెకు పంపుచున్నాను. 180 రూపాయలను నేటి లెక్కకు మార్చి పంపవలెనని మొదట తలచితిని, గుమాస్తా బుద్ధి. పిదప మానితిని. ఆ ఋణము రూపాయలలో లేదు.

అమ్మా, ఆనాడు కరెంటు ఎక్కువ కాలేదు. రెండు తీగెలను పెరికినది నేనే.